పాత క్రిమినల్ కేసు కాగితాలు, అరెస్ట్ వివరాలు ఎలా తీయాలి? గజపతి, రాయగడ, మల్కన్‌గిరి, సిరొంచ వైపు వాళ్ళు చెప్పండి

మహేంద్రతనయ_కుర్రోడు:
అందరికీ నమస్కారమండి. మాది గజపతి జిల్లా, పర్లాకిమిడికి అవతల పల్లె. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా ఊళ్ళో టార్పాలిన్లు పంచే దగ్గర గొడవయ్యింది, కర్రలు లేచాయి, మా తమ్ముడు విడదీయడానికి మధ్యలోకి వెళ్ళాడు, ఇంకో నలుగురితో పాటు వాణ్ణి కూడా తీసుకెళ్ళిపోయారు. రెండ్రోజుల్లో బెయిలొచ్చింది, తర్వాత వాయిదాలకి తిరిగాడు, ఆఖరికి కేసు కొట్టేశారని వకీలు గారు చెప్పారు గానీ కాగితం మటుకు మా చేతికి రాలేదు. ఆర్నెల్లకే ఆ వకీలు గారు గుండెపోటుతో పోయారు, ఫైలు ఎక్కడుందో వాళ్ళింట్లో ఎవరికీ తెలీదు. ఇప్పుడు తమ్ముడికి విశాఖలో సెక్యూరిటీ ఉద్యోగం వచ్చింది, ఫారంలో ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా, అయితే కేసు ఏమైంది అని ఒక గడి ఉంది. అమ్మేమో లేదని రాసీమంటుంది. మా దగ్గర కేసు నంబరు లేదు, ఎఫ్ఐఆర్ నంబరు లేదు, సెక్షన్లు తెలీవు. తెలిసిందల్లా థానా పేరు, తుఫాను. ఎక్కడ మొదలెట్టాలండి?

బెంచిక్లర్కు_రిటైర్డ్:
బాబూ, లేదని మాత్రం రాయనివ్వకు. అమ్మ భయం నాకు అర్థమవుతుంది గానీ అబద్ధం రాసి తర్వాత వెరిఫికేషన్‌లో బయటపడితే కేసు కొట్టేసినా ఉద్యోగం పోతుంది. 2016లో సుప్రీంకోర్టు అవతార్ సింగ్ కేసులో దీని మీదే వివరంగా చెప్పింది, ఫారంలో అడిగింది నిజంగా రాయాలి, దాచితే దాచినందుకే తీసెయ్యొచ్చు అని. అరెస్ట్ అయ్యాడు, ఫలానా తేదీన నిర్దోషి అన్నారు అని రాసి తీర్పు నకలు జతచేస్తే వాడికి అదే రక్ష.

ఇంక నంబరు సంగతి. నేను బరంపురంలో చాలా ఏళ్ళు బెంచి దగ్గర పనిచేశాను, నంబరు లేకుండా వచ్చినవాళ్ళే ఎక్కువ, కంగారు పడకు. నీకు తెలిసిన తుఫానే పెద్ద ఆధారం. తిత్లీ తీరం దాటింది 2018 అక్టోబరు 11 తెల్లారగట్ల, టార్పాలిన్లు పంచింది ఆ తర్వాత, అంటే ఎఫ్ఐఆర్ 2018 అక్టోబరు లేదా నవంబరు. ఒడిశా పోలీసుల సిటిజన్ పోర్టల్‌లో ఎఫ్ఐఆర్ చూసే చోట జిల్లా, థానా, తేదీలు ఇచ్చి వెతుకు. 2016 సెప్టెంబరు 7న సుప్రీంకోర్టు చెప్పిన దగ్గర్నుంచీ ఎఫ్ఐఆర్‌లు 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలి, నెట్ సరిగా లేని చోట 72 గంటల దాకా వీలిచ్చారు. మీది 2018 కాబట్టి ఉండాలి. అత్యాచారం, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాలు), తీవ్రవాదం లాంటివి పెట్టరు, మీది ఆ కోవ కాదు.

ఎఫ్ఐఆర్ నంబరు దొరికితే సగం పని అయినట్టే.

మహేంద్రతనయ_కుర్రోడు:
మాస్టారూ చాలా థాంక్సండి. పోర్టల్ నిన్న రాత్రి చూశాను, ఓటీపీ రావడానికే అరగంట పట్టింది, మా ఊళ్ళో సిగ్నల్ మామిడితోట దగ్గరే వస్తుంది. కోర్టు సైట్లో పేరుతో కూడా కొట్టాను, తమ్ముడి పేరు అప్పారావు, ఏమీ రాలేదు. అంటే కేసే లేదనా?

వంశధార_వకీలు:
కేసు లేదని కాదు తమ్ముడూ, పేరు దొరకలేదని. ఈకోర్ట్స్‌లో, అంటే నువ్వు చూసిన ఆ కోర్టు సైట్లో, పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి, మన పేర్లు అక్కడ ఎలా ఎక్కాయో ఎవరికి తెలుసు. తెలుగువాడు నోటితో చెప్పిన పేరు థానాలో ఒడియాలో రాస్తారు, ఆ ఒడియా చూసి కోర్టులో ఇంగ్లీషులో టైప్ చేస్తారు. రెండు పీ అక్షరాలు ఒకటవుతాయి, రావు కాస్తా రాఓ అవుతుంది, ఇంటిపేరు ముందున్నది వెనక్కి పోతుంది, ఒక్కోసారి అసలు ఎగిరిపోతుంది. నేను ఒక క్లయింటు కోసం ఏడు రకాలుగా కొట్టాను, ఏడోదానికి దొరికింది. అందుకని పూర్తి పేరు కొట్టకు. మూడక్షరాలు చాలు సైటుకి, మొదటి మూడు నాలుగు అక్షరాలే ఇచ్చి లిస్టు మొత్తం కిందకి దించుకుంటూ చూడు. వాడితో పాటు ఉన్న నలుగురి పేర్లతో కూడా వెతుకు, అందరిదీ ఒకటే కేసు కదా.

ఇంకోటి, ఇక్కడే చాలామంది తప్పిపోతారు. ఆ పేజీలో పెండింగ్, డిస్పోజ్డ్, బోత్ అని మూడుంటాయి. పెండింగ్ మీదే వదిలేస్తే అయిపోయిన కేసు జన్మకి కనపడదు. డిస్పోజ్డ్ నొక్కు. ఏడాది కూడా 2018 ఒక్కటే కాదు 2019 కూడా చూడు. ఎఫ్ఐఆర్ నంబరు దొరికితే పేర్ల గొడవే లేదు, ఎఫ్ఐఆర్ నంబర్ అనే ట్యాబ్‌లో థానా, నంబరు, ఏడాది ఇస్తే చాలు.

దొరికాక పైన 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది, అది ముందు డైరీలో రాసుకో. దేశంలో ఆ కేసుకి అదొక్కటే నంబరు. తర్వాత మళ్ళీ వెతుక్కోనక్కర్లేదు, ఈకోర్ట్స్ యాప్‌లో అది కొడితే తారీఖులు, ఆర్డర్లు వచ్చేస్తాయి. నెట్ లేని చోటైతే ఇంగ్లీషులో ఈకోర్ట్స్ అని టైప్ చేసి ఖాళీ వదిలి సీఎన్ఆర్ కొట్టి 9766899899 కి మెసేజ్ పెట్టినా జవాబొస్తుంది.

ప్రాణహిత_సారు:
నమస్తే అందరికి. మాది సిరొంచ, గడ్చిరోలి జిల్లా. మా దిక్కు పద్ధతి జర వేరే ఉంటది, మహారాష్ట్ర వాళ్ళు చదువుతరని చెప్తున్న. పోలీసు కేసు మేజిస్ట్రేటు కోర్టుకు వస్తే ఒడిశాల జీఆర్ కేసు అంటరు గద, మా దగ్గర ఆర్‌సీసీ అంటే రెగ్యులర్ క్రిమినల్ కేసు, చిన్నయి ఎస్‌సీసీ. ఠాణాల ఎఫ్ఐఆర్‌ను గున్హా నంబర్ అంటరు, కాగితం మీద గు.ర.నం. అని ఉంటది, నిందితుడు అనే కాడ ఆరోపి అని రాస్తరు. మనోళ్ళు ఆరోపి అని చూసి పేరనుకొని పరేషాన్ అయితరు. మహారాష్ట్ర పోలీస్ సిటిజన్ పోర్టల్‌ల కూడ ఎఫ్ఐఆర్‌లు తేదీల ప్రకారం చూడొచ్చు.

పోలీసులు చార్జిషీట్ వెయ్యకుంట కేసు బంద్ చేస్తే దాన్ని మా దగ్గర సమరీ అంటరు. ఏ సమరీ అంటే నేరం నిజమే గని దొంగ దొరకలే, బీ సమరీ అంటే ఫిర్యాదే అబద్ధం, సీ సమరీ అంటే పొరపాటుగ పెట్టింది లేకుంటే సివిల్ పంచాయితి. మా పక్కింటాయన మీద అట్లనే సీ సమరీ అయ్యింది, ఆయనేమో పన్నెండేండ్లు నామీద కేసున్నదని పాస్‌పోర్టుకు అప్లై చెయ్యలే. కోర్టుల పోయి ఆర్డర్ నకల్ తీసినంక ఒక్కటే ఏడుపు. ఉన్నదో లేదో తెల్వకుంట భయపడుడే పెద్ద శిక్ష అండి.

చాన పాతయి కావాలంటే ఒక ముచ్చట యాదిల పెట్టుకోర్రి. గడ్చిరోలి జిల్లా అయ్యింది 1982 ఆగస్టు 26న, అంతకుముందు మేం చంద్రపూర్ జిల్లా. నలభై యేండ్ల కింది సెషన్స్ కేసైతే, అంటే జిల్లా కోర్టుల నడిచే పెద్ద నేరం కేసైతే, చంద్రపూర్‌ల కూడ అడగాలె.

బెంచిక్లర్కు_రిటైర్డ్:
సారు మంచి మాట గుర్తుచేశారు. మా వైపూ అంతే. గజపతి, రాయగడ రెండూ 1992 అక్టోబరు 2న విడిపోయిన జిల్లాలు. అంతకుముందు గజపతి గంజాంలో ఉండేది, రాయగడ కోరాపుట్‌లో. కాబట్టి ఎనభైల నాటి పర్లాకిమిడి సెషన్స్ కేసైతే బరంపురంలో, రాయగడదైతే జయపురంలో కూడా విచారించాలి. కోరాపుట్ జిల్లా జడ్జి కోర్టు కోరాపుట్‌లో కాదు, జయపురంలో ఉంటుంది, తెలీక కోరాపుట్‌లో బస్సు దిగి మళ్ళీ వెనక్కి వెళ్ళినవాళ్ళని చూశాను.

అలాగే కేసు కింది కోర్టు నుంచి సెషన్స్‌కి కమిట్ అయితే, అంటే పైకి పంపితే, నంబరు మారిపోతుంది. ఎస్‌డీజేఎం అంటే సబ్ డివిజన్ మేజిస్ట్రేటు, ఆయన దగ్గర జీఆర్ నంబరు, పైకి వెళ్ళాక ఎస్‌టీ అంటే సెషన్స్ ట్రయల్ నంబరు. జీఆర్ నంబరు పట్టుకుని తీర్పు అడిగితే ఇక్కడ లేదంటారు, అది అబద్ధం కాదు, ఫైలు పై కోర్టులో ఉంటుంది.

శబరి_ఒడ్డు:
అన్నయ్యలూ ఇది పాత కేసు కాదు, క్షమించండి, ఎక్కడ అడగాలో తెలీక ఇక్కడ రాస్తున్నా. మాది మల్కన్‌గిరి జిల్లా మోటు దగ్గర. మా ఆయన లారీ డ్రైవరు. నిన్న సాయంత్రం చెక్‌పోస్టు దగ్గర లారీ ఆపి తీసుకెళ్ళారని క్లీనరు ఫోన్ చేశాడు, తర్వాత వాడి ఫోన్ కూడా ఆగిపోయింది. ఏ స్టేషనో తెలీదు, ఒడిశా వాళ్ళో ఆంధ్రా వాళ్ళో కూడా తెలీదు. దగ్గర్లో స్టేషన్‌కి వెళ్తే మా దగ్గర లేడు అన్నారు. ఇద్దరు పిల్లలతో కూచున్నా. ఏం చెయ్యాలి?

వంశధార_వకీలు:
అమ్మా ముందు టైము రాసుకోండి, లారీ ఆపింది ఎన్నింటికి, క్లీనరు ఫోన్ చేసింది ఎన్నింటికి. దారి ప్రయాణం తీసేస్తే 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, ఇది రాజ్యాంగం 22వ ఆర్టికల్‌లోనే ఉంది. ఇప్పుడు జిల్లా ఎస్పీ ఆఫీసు కంట్రోల్ రూముకి ఫోన్ చెయ్యండి. అరెస్టులు, విచారణ ఎలా జరగాలో చెప్పే కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 37వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాలో, ప్రతి థానాలో ఒక అధికారి అరెస్టయినవాళ్ళ పేరు, ఊరు, ఏ నేరమో వివరాలు పెట్టుకోవాలి, జనానికి కనిపించేలా ప్రదర్శించాలి. కాబట్టి మీరు దయ చూపించమని అడగడం లేదు, నిన్న సాయంత్రం నుంచి అరెస్టయినవాళ్ళ లిస్టులో ఈ పేరుందా అని అడుగుతున్నారు. మల్కన్‌గిరి కంట్రోల్ రూమ్, అక్కడ లేకపోతే సరిహద్దుకి ఆ పక్క ఆంధ్రా జిల్లాది. లారీ నంబరు కూడా చెప్పండి, పేరు తప్పు రాసినా బండి నంబరు తప్పదు.

అరెస్ట్ చేసినట్టు ఇంట్లోవాళ్ళకి చెప్పడం వాళ్ళ బాధ్యత, అది అదే చట్టం 48వ సెక్షన్. అరెస్ట్ మెమో రాయాలి, దాని మీద ఇంటివాళ్ళో ఊళ్ళో పెద్దో సాక్షి సంతకం ఉండాలి, 1996లో డీకే బసు కేసు నుంచీ ఇదే రూలు. ఎందుకు అరెస్ట్ చేశారో రాతపూర్వకంగా, ఆయనకి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని 2025 నవంబరులో ఒక మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఆయనకి ఒడియా చదవడం రాదంటే ఆ మాట మేజిస్ట్రేటు ముందే చెప్పించండి.

15100 కి ఫోన్ చెయ్యండమ్మా, లీగల్ సర్వీసెస్ వాళ్ళది. కస్టడీలో ఉన్నవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని పెడతారు. ఆయన దొరికే దాకా ఈ చర్చ వదిలి వెళ్ళను, ఏ టైమైనా రాయండి.

రాయగడ_పార్వతి:
శబరి చెల్లీ, పిల్లలకి అన్నం పెట్టి నువ్వూ తిను ముందు. మా మరిదిని తీసుకెళ్ళినప్పుడు మేమూ ఇలాగే నాలుగు స్టేషన్లు తిరిగాం. మాకు పనికొచ్చింది ఏంటంటే మర్నాడు కోర్టు దగ్గరే కూచోవడం, ఎందుకంటే ఏ స్టేషన్ వాళ్ళు తెచ్చినా ఆఖరికి అక్కడికే తేవాలి. ఆధార్ జిరాక్సు, లారీ ఓనర్ నంబరు, ఆయన మందులుంటే మందులు సంచిలో పెట్టుకో.

శబరి_ఒడ్డు:
దొరికారు. కంట్రోల్ రూములో ఒకామె లారీ నంబరు చెప్పగానే చూసి చెప్పింది, పేరు వేరేగా రాసుంది. వేరే థానాలో ఉన్నారు, ఈ మధ్యాహ్నం కోర్టుకి తెస్తారంట. లారీలో ఎవరిదో సరుకు ఉందంటున్నారు, మా ఆయనకి తెలీదంటున్నాడు. లీగల్ సర్వీసెస్ వకీలమ్మ వస్తానన్నారు. నేను బస్సులో ఉన్నా. అందరికీ దండాలు.

వంశధార_వకీలు:
మంచిదమ్మా. కోర్టులో ఎఫ్ఐఆర్ నకలుకి అర్జీ పెట్టమని వకీలమ్మకి చెప్పండి, నిందితుడి తరఫున అర్జీ పెడితే కోర్టు రెండు పనిదినాల్లో ఇవ్వాలి, ఇదీ ఎఫ్ఐఆర్‌లు వెబ్‌సైట్లో పెట్టాలన్న ఆ 2016 ఆర్డర్లోదే. రిమాండ్ ఆర్డర్ నకలు కూడా అడగండి. ఏ జైలుకి పంపారో అక్కడే అడిగి రాసుకోండి, ములాఖత్‌కి, అంటే జైల్లో కలవడానికి, ఈ-ప్రిజన్స్ అనే జైళ్ళ సైట్లో పేరు నమోదు చేసుకోవచ్చు.

గోపాల్‌పూర్_అలలు:
ఇదే విషయం కాబట్టి అడుగుతున్నానండి. మా అక్క కూతురికి సంబంధం చూశాం. అబ్బాయిది రాయగడ వైపు, మాట తీరు బావుంది, ఉద్యోగం బావుంది. కానీ ఎవరో అబ్బాయి మీద పోలీసు కేసుందని చెవిలో వేశారు. ఈకోర్ట్స్‌లో కొడితే అదే పేరుతో ఒక కేసు, ఒకటి కాదు మూడున్నాయి. బావ సంబంధం వదిలేద్దాం అంటున్నాడు. మనం ఇలా వేరేవాళ్ళ కేసు చూడొచ్చా, అవి ఆ అబ్బాయివే అని ఎలా తెలుస్తుంది?

రాయగడ_పార్వతి:
ఆడపిల్ల జీవితం అండి, చూడటం తప్పేం కాదు, చూడకపోతేనే తప్పు. నేనైతే థానాకే వెళ్ళి అడుగుతాను.

బెంచిక్లర్కు_రిటైర్డ్:
పార్వతమ్మా, చూడటం తప్పు కాదు, నేనూ ఒప్పుకుంటాను. కోర్టు విచారణ బహిరంగం, కేస్ స్టేటస్ ఎవరైనా చూడొచ్చు. కానీ అక్కడ కనపడేది పేరు, అంతే. మన వైపు ఒకే పేరు వీధికి ఇద్దరికుంటుంది. తండ్రి పేరు, ఊరు, వయసు మూడూ కలిస్తే తప్ప అది ఆ అబ్బాయిది అనొద్దు. నా సర్వీసులో ఒకరి వారంటు పట్టుకుని అదే పేరున్న ఇంకొకర్ని తెచ్చిన రోజు నాకు గుర్తుంది, తండ్రి పేరు చదివేసరికి ఆయన కోర్టు హాల్లోనే కూలబడిపోయాడు. ఇరవై ఏళ్ళయింది, ఇప్పటికీ ఆ ముఖం మర్చిపోలేదు.

రెండోది, ఆ అబ్బాయిదే అయినా అది ఏ స్థితిలో ఉందో చూడాలి. ఎఫ్ఐఆర్ అంటే ఒకరు చెప్పిన మాట. చార్జిషీట్ అంటే పోలీసులు నమ్మిన మాట. తీర్పు ఒక్కటే కోర్టు చెప్పిన మాట. డిస్పోజ్డ్ అని ఉంటే శిక్ష పడిందని కాదు, కేసు ఎలా ముగిసిందో పక్కన నేచర్ ఆఫ్ డిస్పోజల్ దగ్గర చూడండి, ఆర్డర్ పీడీఎఫ్ ఉంటే చివరి పేరా చదవండి.

వంశధార_వకీలు:
దీనికి కలిపి రెండు మాటలు. చార్జిషీట్ అందరికీ ఇవ్వరు. నెట్‌లో పెట్టమని ఎవరో సుప్రీంకోర్టుకి వెళ్తే 2023 జనవరిలో కుదరదన్నారు. నిందితుడికి ఉచితంగా ఇస్తారు, బయటివాళ్ళకి కాదు. కోర్టు కాగితాలు ఆర్టీఐలో అడుగుదాం అనుకుంటారు, అదీ కుదరదు, కోర్టు నకళ్ళకి హైకోర్టు రూల్స్ ప్రకారమే అర్జీ పెట్టాలని 2020 మార్చిలో గుజరాత్ హైకోర్టు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కేసుతో సంబంధం లేనివాళ్ళు ఎందుకు కావాలో కారణం చూపించి అడగాలి, అనుమతి కోర్టు చేతిలో ఉంటుంది. థానా కాగితాలకైతే 10 రూపాయల ఫీజుతో ఆర్టీఐ పెట్టొచ్చు, కానీ దర్యాప్తుకి అడ్డు, వ్యక్తిగత వివరం అని ఆపే వీలు చట్టంలోనే ఉంది.

అన్నిటికంటే సూటి దారి, అబ్బాయినే అడగండి. పోలీస్ క్యారెక్టర్ సర్టిఫికెట్ ఆయనే తన పేరు మీద సిటిజన్ పోర్టల్‌లో తీసుకోవచ్చు. తప్పు లేనివాడికి ఇలా పక్కదారిన వెతికారని తెలిస్తే ఎంత బాధ.

ప్రాణహిత_సారు:
ఇంకొక్క మాట. పద్దెనిమిది నిండని పిల్లల కేసులు ఎవ్వలూ తీయొద్దు, తీసినా చెప్పొద్దు. 2015 జువెనైల్ చట్టంల 74వ సెక్షన్, పేరు ఊరు బయటపెట్టుడే నేరం, కేసు అయిపోయినంక పోలీసోళ్ళు కూడ క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసమని దాన్ని చెప్పొద్దు. మా బడిల ఒక పిలగాడు పదిహేనేండ్లప్పుడు చేసిన పనికి ఊరు ఊరంత ఇప్పటికీ గదే మాట అంటున్నరు, వాడేమో డిగ్రీ చదువుతున్నడు.

గోపాల్‌పూర్_అలలు:
అబ్బాయినే అడిగామండి. మూడు కేసుల్లోనూ తండ్రి పేరు వేరు. ఆయనది మాత్రం బైక్ యాక్సిడెంట్ కేసు ఒకటి ఉందట, తనే చెప్పాడు, కాగితాలు తెచ్చి బావ ముందు పెట్టాడు. బావ అప్పుడే కాఫీ ఇమ్మన్నాడు.

మహేంద్రతనయ_కుర్రోడు:
అందరికీ అప్‌డేట్. ఎఫ్ఐఆర్ పోర్టల్‌లో దొరికింది, అక్టోబరు నెలాఖరుది. ఒడియా కాబట్టి మా పక్కింటి చెల్లి చదివిపెట్టింది. అది పట్టుకుని ఈకోర్ట్స్‌లో ఎఫ్ఐఆర్ నంబర్ ట్యాబ్‌లో కొడితే ఒక్కసారికి వచ్చింది, డిస్పోజ్డ్, అక్విటెడ్ అని, అంటే నిర్దోషి అని. ఆ మాట చూసి అమ్మని పిలిచాను. మామిడితోటలోనే నిలబడి రెండుసార్లు చదివించుకుంది.

మాస్టారూ, ఇప్పుడు నకలుకి ఏం చెయ్యాలి? విశాఖ వాళ్ళు నెట్ ప్రింటు ఒప్పుకోరంట.

బెంచిక్లర్కు_రిటైర్డ్:
సంతోషం బాబూ. నెట్ ప్రింటు సమాచారానికే, సర్టిఫైడ్ కాపీ కావాలి. తమ్ముణ్ణి తీసుకుని కోర్టుకి వెళ్ళు, ముందు ఈ-సేవా కేంద్రం ఉంటే అక్కడ అడుగు, లేకపోతే నేరుగా నకళ్ళ సెక్షన్. అర్జీ మీద జీఆర్ నంబరు, సీఎన్ఆర్, థానా కేసు నంబరు, ఇద్దరు పార్టీల పేర్లు, తీర్పు తేదీ రాయాలి, తీర్పు పూర్తి నకలు కావాలి అని స్పష్టంగా రాయి, ఉత్త ఆర్డర్ షీటు ఇస్తే మళ్ళీ తిరగాలి. కోర్టు ఫీజు స్టాంపులు అంటించాలి, ఎన్నో వాళ్ళే చెప్తారు, రసీదు తీసుకో. రెండు కాపీలు అడుగు, ఒకటి ఎప్పటికీ ఇంట్లో ఉండాలి. అయిపోయిన కేసు ఫైలు రికార్డు రూముకి వెళ్ళిపోయి ఉంటుంది, అక్కడి నుంచి తెప్పించడానికే రోజులు పడతాయి, దానికి ఎవరి మీదా కోప్పడకు, ఎవరికీ చేతిలో డబ్బు పెట్టకు.

మహేంద్రతనయ_కుర్రోడు:
వచ్చిందండి! పదకొండు పేజీలు. ప్రతి పేజీకీ గుండ్రటి సీలు, కింద పొట్టి సంతకం, ఆఖరి పేజీ వెనకాల అర్జీ పెట్టిన తేదీ, నకలు తయారైన తేదీ, ఇచ్చిన తేదీ వరసగా స్టాంపులో ఉన్నాయి. ఇంగ్లీషులోనే ఉంది. సాక్షులు నలుగురిలో ఎవరూ తమ్ముణ్ణి కర్రతో చూశామని చెప్పలేదని జడ్జి గారు రాశారు. వాడు అది చదువుకుని ఏమీ మాట్లాడకుండా పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఒక్క చిక్కు. తీర్పులో పేరు ఆపా రావ్ అనుంది, ఆధార్‌లో అప్పారావు. నాన్న పేరు, ఊరు సరిగ్గానే ఉన్నాయి. ఇది దిద్దించాలా?

వంశధార_వకీలు:
నకలు మీద ఒక్క గీత కూడా పెట్టొద్దు. కోర్టు రికార్డు దిద్దించడం మొదలెడితే ఉద్యోగం తేదీ దాటిపోతుంది. ఇద్దరూ ఒకరే అని నోటరీ ముందు అఫిడవిట్ చేయించు, రెండు పేర్లూ, తండ్రి పేరు, జీఆర్ నంబరు, సీఎన్ఆర్ అందులో రాయించు, ఆధార్ జిరాక్సు, నకలు జిరాక్సు జతచెయ్యి. ఒరిజినల్ నకలు చూపించి వెనక్కి తెచ్చుకోమను, వాళ్ళకి ఇచ్చేయొద్దు.

మహేంద్రతనయ_కుర్రోడు:
సరేనన్నా. రేపు పొద్దున్న మొదటి బస్సుకి తమ్ముడూ నేనూ పర్లాకిమిడి వెళ్తున్నాం. రెండో కాపీ అమ్మ పెట్టెలో, పట్టా కాగితాల కింద పెట్టింది.

శబరి_ఒడ్డు:
మా ఆయనకి ఇంకా బెయిల్ రాలేదు అన్నయ్యా. చార్జిషీట్ వేశాక నకలు వకీలమ్మకి ఇస్తారంట. సీఎన్ఆర్ రాసుకున్నా, రోజూ మెసేజ్ పెట్టి చూస్తున్నా. వాయిదా పద్నాలుగో తారీఖు.